జేఎన్టీయూఏలో బీటెక్: సీటొచ్చాక ఎవరూ తెరవని రూల్స్ పుస్తకం

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసే రోజు దాకా కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇంటర్ ఎంపీసీ పిల్లలున్న ఇళ్లల్లో ఒకటే మాట. ఏ కాలేజీ పెట్టాలి, ఏ బ్రాంచి పెట్టాలి, పోయినేడు సీఎస్‌ఈ ఎంత ర్యాంకు దగ్గర ఆగింది, హాస్టల్ ఎట్లుంటుంది, క్యాంపస్ సెలక్షన్లకు ఏ కంపెనీలు వస్తాయి. సీటు అలాటయి, సర్టిఫికెట్లు ఇచ్చి, పిల్లల్ని హాస్టల్లో దించి వచ్చాక ఆ చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆ పిల్లవాడు రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి పోతాడా, ఒక సబ్జెక్టు పోతే మళ్లీ ఏం రాయాలి, కాలేజీకి సరిగ్గా పోకపోతే ఏమవుతుంది అన్నవి తేల్చేది ర్యాంకూ కాదు, కాలేజీ పేరూ కాదు. జేఎన్టీయూ అనంతపురం (జేఎన్టీయూఏ) ఇచ్చే రెగ్యులేషన్ అనే రూల్స్ పుస్తకం తేలుస్తుంది. ఆర్20, ఆర్23 అని పిల్లలు ప్రశ్నపత్రాల మీద చూసే అక్షరాలు దాని పేరే. ఏ ఏడాది చేరిన బ్యాచ్‌కు ఏ రూల్స్ వర్తిస్తాయో ఆ నంబరు చెబుతుంది. నెల రోజులు ర్యాంకుల లెక్కలు వేసిన కుటుంబాలు ఈ పుస్తకం కోసం ఒక గంట కూడా పెట్టవు. నాలుగేళ్లలో ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోందని నా నమ్మకం.

రూల్స్‌లోకి పోయే ముందు యూనివర్సిటీ ఎక్కడుందో తెలియాలి. మన పిల్లల్లో చాలామంది నాలుగేళ్లూ జేఎన్టీయూ అనంతపురం పట్టా కోసం చదివి కూడా ఆ క్యాంపస్ గేటు దాటి ఉండరు.

అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మొదలైంది. అప్పటికి ఇక్కడ భవనాలు లేక తొలి తరగతులు మద్రాసులోని గిండీలో నడిచాయి. 1948లో కాలేజీ అనంతపురం వచ్చింది. మొదట మద్రాసు యూనివర్సిటీ కింద, తర్వాత తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ కింద నడిచింది. 1972 అక్టోబరు 2న హైదరాబాదు కేంద్రంగా జేఎన్టీయూ ఏర్పడినప్పుడు అనంతపురం, కాకినాడ కాలేజీలు అందులో చేరాయి. 2008లో ఆ పెద్ద యూనివర్సిటీని హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని విడదీశారు. అనంతపురం వాటాకు పాత జిల్లాల లెక్కలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు వచ్చాయి. యూనివర్సిటీకి పులివెందులలో, కలికిరిలో కూడా సొంత ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఈ అయిదు జిల్లాల్లో మిగిలిన చాలా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు దీనికి అనుబంధంగా నడుస్తాయి.

అందుకే ఒకే పట్టా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది క్యాంపస్ కాలేజీ. ఇక్కడ మేనేజ్‌మెంట్ కోటా ఉండదు, ఫీజు తక్కువ, ర్యాంకు బాగా రావాలి. రెండోది మామూలు అనుబంధ కాలేజీ. పాఠం కాలేజీ చెబుతుంది, పరీక్ష యూనివర్సిటీ పెడుతుంది. కర్నూలులో రాసే పిల్లకూ నెల్లూరులో రాసే పిల్లవాడికీ ఒకే రోజు ఒకే పేపరు. జవాబు పత్రాలు కోడు నంబర్లతో వాల్యుయేషన్ కేంద్రాలకు పోతాయి, దిద్దేవాళ్లకు అది ఎవరిదో తెలియదు. మూడోది అటానమస్ కాలేజీ. సిలబస్ తయారీ, ప్రశ్నపత్రం, పరీక్ష, దిద్దడం, ఫలితాలు అన్నీ కాలేజీయే చూసుకుంటుంది. యూనివర్సిటీ ప్రతినిధులు కమిటీల్లో ఉంటారు, చివర పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. కర్నూలు జి.పుల్లారెడ్డి, కడప కేఎస్‌ఆర్‌ఎం, నంద్యాల ఆర్జీఎం లాంటి పాత ప్రైవేటు కాలేజీలు ఇలా అటానమస్ అయినవే.

ఇంజనీరింగ్ అంటే మన జిల్లాల్లో జేఎన్టీయూ ఒక్కటే కాదు. కర్నూలు జగన్నాథగట్టు మీదున్న ట్రిపుల్ఐటీడీఎం కేంద్ర సంస్థ, దానికి జేఈఈ రాయాలి. ఇడుపులపాయలోని ఆర్కే వ్యాలీ ట్రిపుల్ఐటీ పదో తరగతి మార్కులతో చేర్చుకునే ఆరేళ్ల చదువు. యోగి వేమన యూనివర్సిటీకి ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అనంతపురంలో ఎస్కేయూకూ ఉంది. వాటి రూల్స్ వేరు. ఇక్కడ చెప్పేది జేఎన్టీయూఏ సంగతే.

అటానమస్ మంచిదా, మామూలు అనుబంధ కాలేజీ మంచిదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అటానమస్ కాలేజీలో ఫలితాలు తొందరగా వస్తాయి. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ పరీక్షలు ఎప్పుడో ముందే తెలుస్తుంది. సిలబస్‌లో కొత్తవి చేర్చుకోవడానికి వీలుంటుంది. కానీ పాఠం చెప్పే చోటే పరీక్ష కూడా కాబట్టి, ఆ కాలేజీ ఎంత నిజాయితీగా నడుస్తోందన్న దాని మీదే మార్కుల విలువ ఆధారపడుతుంది. యూనివర్సిటీ పేపరు రాసే కాలేజీలో ఆ బెంగ తక్కువ, ఆలస్యం ఎక్కువ. సీనియర్లను అడిగితే పోయినేడు ఫలితాలు ఎన్నాళ్లకు వచ్చాయో, సప్లీ ఎప్పుడు పెట్టారో చెబుతారు. ఆ రెండూ తెలుసుకుని ఎంచుకోవడం మేలు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అటానమస్ కాలేజీకి తన సొంత రెగ్యులేషన్ ఉంటుంది. దాని పేరు, కొన్ని అంకెలు యూనివర్సిటీ రూల్స్‌కు తేడాగా ఉండొచ్చు. కాబట్టి కింద రాసినవి యూనివర్సిటీ ఆర్20, ఆర్23 లెక్కలు. మీ కాలేజీ పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

ముందు మార్కుల లెక్క. థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 30 ఇంటర్నల్, 70 సెమిస్టర్ చివరి పరీక్ష (ఎక్స్‌టర్నల్). ఇంటర్నల్ కోసం సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే రెండు పరీక్షలుంటాయి, వాటినే మిడ్లంటారు. రెండింటి సగటు తీసుకుంటారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం బరువు. ఒక మిడ్‌లో 25, ఇంకోదాంట్లో 10 వచ్చాయనుకోండి. 25లో 80 శాతం 20, పదిలో 20 శాతం 2, మొత్తం 22. సగటు తీసి ఉంటే పదిహేడున్నర వచ్చేది. అంటే ఒక మిడ్ బాగా రాస్తే రెండోది చెడినా పెద్ద దెబ్బ తగలదు. మొదటి మిడ్‌లో బోల్తా పడిన పిల్లలు ఇక లాభం లేదని దిగులు పడతారు. నిజానికి వాళ్ల చేతిలో ఇంకా 80 శాతం ఉంది. ఈ ఒక్క మాట సమయానికి చెప్పేవాళ్లుంటే ఎంతోమందికి ఆ టెన్షన్ తగ్గుతుంది.

పాస్ కావడానికి రెండు గీతలు దాటాలి. చివరి పరీక్షలో 70కి 35 శాతం, అంటే 24.5. ఇంటర్నల్‌తో కలిపి మొత్తం 100కి 40. రెండూ ఉండాలి. ఇంటర్నల్ 22 ఉన్న అమ్మాయికి చివరి పరీక్షలో 24 వస్తే మొత్తం 46 అయినా సబ్జెక్టు పోయినట్టే, ఎందుకంటే మొదటి గీత దాటలేదు. ఇంటర్నల్ 8 ఉన్న అబ్బాయికి 27 వస్తే మొదటి గీత దాటాడు, కానీ మొత్తం 35 దగ్గర ఆగిపోయాడు. అతనికి కావాల్సింది 32. ఆ అమ్మాయికి 25 చాలు. ఇద్దరికీ మధ్య ఏడు మార్కుల తేడా.

ఈ ఏడు మార్కులు ఒక్క పరీక్షతో పోవు. సబ్జెక్టు పోయి సప్లీ రాసినప్పుడు కొత్తగా రాసేది 70 మార్కుల పరీక్షే. ఇంటర్నల్ పాతదే కలుస్తుంది. ఇంటర్నల్ ఎనిమిది ఉన్నవాడు ఎన్నిసార్లు రాసినా ప్రతిసారీ 32 తెచ్చుకోవాల్సిందే. ఇంటర్నల్ మరీ తక్కువగా ఉన్నవాళ్లకు కొన్ని షరతులతో సబ్జెక్టును మళ్లీ రిజిస్టర్ చేసుకునే దారి రూల్స్‌లో ఉంది, కానీ అది పరిమితమైనది, దాని కోసం సమయం కూడా ఖర్చవుతుంది. ఫస్టియర్‌లో మిడ్లు ఏముందిలే, ఎక్స్‌టర్నల్‌లో చూసుకుందాం అనుకునే అలవాటు ఇంటర్ నుంచి వస్తుంది. ఇంటర్ థియరీలో మిడ్లంటూ ఉండవు, అంతా చివరి పరీక్షే. ఇంజనీరింగ్‌లో ఆ అలవాటే మొదట దెబ్బతీస్తుంది. ఎమ్-వన్ (మొదటి గణితం పేపరు) పోయి మూడో ఏడాది దాకా లాగుతున్నవాళ్ల ఇంటర్నల్ మార్కులు ఒకసారి అడిగి చూడండి, కథ అక్కడే మొదలై ఉంటుంది.

ఇక క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టు బరువును బట్టి ఇచ్చే పాయింట్లు. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు, సగటున సెమిస్టర్‌కు 20. మామూలు థియరీ సబ్జెక్టుకు 3, ల్యాబ్‌కు ఒకటిన్నర ఉంటాయి. సబ్జెక్టు పాసైతేనే దాని క్రెడిట్లు వస్తాయి. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి పోవడానికి హాజరు చాలు, క్రెడిట్ల అడ్డం లేదు. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు పోవాలంటే రూల్ చెప్పిన సెమిస్టర్ దాకా ఉన్న క్రెడిట్లలో 40 శాతం సంపాదించి ఉండాలి.

ఈ 40 శాతం గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలి. రెండేళ్లూ పూర్తిగా లెక్కలోకి తీసుకున్నా సుమారు 80 క్రెడిట్లు. అందులో 40 శాతం 32. ఒక పిల్లవాడు ప్రతి సెమిస్టర్‌లో మూడేసి థియరీ సబ్జెక్టులు పోగొట్టుకున్నాడనుకుందాం. సెమిస్టర్‌కు తొమ్మిది పోయి పదకొండు మిగిలాయి. నాలుగు సెమిస్టర్లకు 44. అంటే పన్నెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నా అతను దర్జాగా మూడో ఏడాదిలో కూర్చుంటాడు. ఇంటికి ఫోన్ చేసి ప్రమోట్ అయ్యానని చెబుతాడు, అది అబద్ధం కాదు. తల్లిదండ్రులు పాసయ్యాడనుకుంటారు. పన్నెండు సబ్జెక్టుల సప్లీ పరీక్షలు, అప్పుడు నడిచే రెగ్యులర్ సబ్జెక్టులు రెండూ ఒకేసారి మీద పడేది మూడో ఏడాది నడుమన. నాలుగో ఏడాదిలో కంపెనీలు వచ్చేసరికి బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు. అప్పుడు ఇంట్లో నిజం బయటపడుతుంది.

రూల్ ఇంత సులువుగా ఉండటం తప్పని నేను అనను. పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలకు అలవాటు పడటానికి ఏడాది పడుతుంది. ఆదోని, బద్వేలు, మడకశిర దగ్గరి ఊర్ల నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకున్న పిల్లవాణ్ని ఆ ఏడాదే ఆపేస్తే ఇంటిదారి పడతాడు. ఆ సడలింపు వల్లే నిలబడి, కుదురుకుని, ఇంజనీర్లయినవాళ్లు ఉన్నారు. కానీ ఆ సడలింపు ఎందుకుందో, ఎంతవరకుందో పిల్లలకూ పెద్దలకూ చెప్పకుండా వదిలేయడం తప్పు. అమ్మానాయనలు ప్రమోట్ అయ్యావా అని అడిగితే సరిపోదు. ఇప్పటికి ఎన్ని క్రెడిట్లకు ఎన్ని వచ్చాయి అని అడగాలి. ఆ అంకె గ్రేడ్ల మెమోల్లో ఉంటుంది, కూడుకుంటే చాలు.

క్రెడిట్ల దగ్గర ఇంత ఉదారంగా ఉన్న ఈ రూల్స్ హాజరు దగ్గర గట్టిగా ఉంటాయి. పిల్లల భయాలు మాత్రం తలకిందులుగా ఉంటాయి. పరీక్ష పోతుందేమోనని రాత్రంతా మేలుకుంటారు, హాజరు పోతే ఎట్లోగట్ల సర్దుబాటు చేస్తార్లే అనుకుంటారు. సెమిస్టర్ మొత్తం మీద 75 శాతం హాజరుండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తక్కువైనా మినహాయింపు, పొందవచ్చు. అది హక్కు కాదు, కాలేజీ ఒప్పుకుంటేనే. 65 కంటే తగ్గితే కండోనేషన్ లేదు, ఆ సెమిస్టర్ డిటైన్. మొత్తం సరిపోయినా, ఒక్కో సబ్జెక్టులో విడిగా కొంత కనీస హాజరు ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. ఒక్క సార్ క్లాసుకే మొహం చాటేసే పిల్లలు దాన్ని చూసుకోవాలి.

డిటైన్ అంటే పరీక్ష పోవడం లాంటిది కాదు. పరీక్ష పోతే పైకి పోతూ సప్లీ రాసుకోవచ్చు. డిటైన్ అయితే ఆ సెమిస్టర్ మొదటినుంచి మళ్లీ కూర్చుని చదవాలి. రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో డిటైన్ అయితే ఆ సెమిస్టర్ మళ్లీ మొదలయ్యేది వచ్చే ఏడాదే. అంటే పోయింది ఒక సెమిస్టర్ అయినా నష్టం ఏడాది. అంతటితో అయిపోదు. ఈలోపు కొత్త రెగ్యులేషన్ వస్తే, తిరిగి చేరిన పిల్లవాడు జూనియర్ల రెగ్యులేషన్‌లోకి పోతాడు. పాత సిలబస్‌లో పాసైన సబ్జెక్టు కొత్తదాంట్లో మళ్లీ కనిపించొచ్చు. కొత్త బ్యాచ్ మొదటి ఏడాదిలోనే చదివేసినది ఇతను చదివే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు వేరే సబ్జెక్టులు రాసి లెక్క సరిచేసుకోవాలి. ఏవి రాయాలో కాలేజీ నుంచి యూనివర్సిటీకి రాసి తెప్పించుకోవాలి. తోడు చదివినవాళ్లు ఉద్యోగాల్లో చేరే వేళకు ఇతను ఈ కాగితాల వెంట తిరుగుతుంటాడు.

మన వైపు హాజరు ఎక్కడ పోతుందో అందరికీ తెలిసిందే. శెనక్కాయ పీకే రోజుల్లో కూలీలు దొరకక ఇంట్లోవాళ్లు రమ్మంటారు. ధర్మవరం, గుత్తి, తాడిపత్రి నుంచి రోజూ బస్సులో, రైల్లో వచ్చేవాళ్లకు మొదటి పీరియడ్ తరచూ పోతుంది. పెళ్లిళ్లు, జాతరలు ఎటూ ఉంటాయి. సెమిస్టర్‌లో పదిహేను రోజులు ఊరికి పోతే శాతం ఎంత పడిపోతుందో ముందే లెక్క వేసుకోమని ఇంట్లోవాళ్లకు పిల్లలే చెప్పాలి. తొంభై పనిదినాల సెమిస్టర్ అనుకుంటే 25 శాతం అంటే 22 రోజులు. పదిహేను రోజులు సేద్యానికి పోయాక జ్వరానికి మిగిలేది వారమే. నాయన కష్టం చూడలేక పొలానికి పోయిన పిల్లవాణ్ని నేను తప్పు పట్టలేను. ఆ పదిహేను రోజుల ధర ఎంతో ముందే తెలిస్తే, పోవాలా వద్దా అన్నది వాళ్లు తెలిసి నిర్ణయించుకుంటారు.

హాజరుకు ఇంకో ముడి ఉంది. కన్వీనర్ కోటాలో చేరి ప్రభుత్వం ఫీజు కట్టే పిల్లలకు ఆ సాయం అందాలన్నా 75 శాతం హాజరు కావాలి. 2008 ప్రాంతం నుంచి నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే మన జిల్లాల్లో ఎన్నో పేద ఇళ్లకు ఇంజనీరింగ్ అందింది. డిటైన్ అయిన ఏడాదికి ఆ సాయం వస్తుందని నమ్ముకోకూడదు, సొంతంగా కట్టుకునే పరిస్థితి రావచ్చు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఈ సాయం మొదట్నుంచీ ఉండదు.

పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లకు లెక్క కొంచెం వేరు. మొదటి ఏడాది క్రెడిట్లు వాళ్ల లెక్కలో ఉండవు, రెండో ఏడాది నుంచే లెక్కపెడతారు. మూడేళ్ల చదువు, ఆరేళ్లలో ముగించాలి. రెగ్యులర్‌గా చేరినవాళ్లకు నాలుగేళ్ల చదువుకు ఎనిమిదేళ్ల గడువు. అది దాటితే సీటు పోయినట్టే. పాత బ్యాచ్‌లకు యూనివర్సిటీలు వన్ టైమ్ ఛాన్స్ అని అప్పుడప్పుడు పరీక్షలు పెట్టిన మాట నిజమే. అది రూల్ కాదు, దయ. దాని మీద లెక్కలు వేసుకోకూడదు.

పుస్తకం చివర్లో పట్టికగా ఉండే మాల్‌ప్రాక్టీస్ రూల్స్ కూడా ఒక్కసారి చదవాలి. పరీక్ష హాల్లో సెల్‌ఫోను గానీ చీటీ గానీ దగ్గరుంటే చాలు, దాన్ని వాడకపోయినా ఆ సబ్జెక్టు రద్దు. చూసి రాస్తూ దొరికితే ఆ సబ్జెక్టుతో పాటు అప్పటికే రాసినవీ రద్దవుతాయి, మిగిలినవి రాయనివ్వరు. ఫోను జేబులో మరిచిపోయి హాల్లోకి పోయిన పిల్లలకు ఈ తేడా తెలియక, భయంతో అడిగిన చోటల్లా సంతకాలు పెట్టేస్తారు. తన మీద రాసింది ఏ వరుస కింద రాశారో చదువుకుని, జరిగింది జరిగినట్టు రాసివ్వడం ఆ పిల్లవాడి హక్కు.

ఈ రూల్స్ అన్నీ రహస్యమేమీ కాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉంటాయి, కాలేజీ సైట్లలోనూ ఉంటాయి. కానీ ఉన్నది ఇంగ్లిషులో, అదీ ఆఫీసు ఇంగ్లిషులో. పదో తరగతి దాటని తల్లికి గానీ, మొన్నటి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు గానీ అది కొరుకుడు పడదు. యూనివర్సిటీ ఉన్నది అనంతపురంలో. దాని కింద చదివేవాళ్లలో అత్యధికులు తెలుగు ఇళ్ల పిల్లలు. అడ్మిషన్ రోజున యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ మీద తల్లిదండ్రులతో సంతకం తీసుకుంటున్నాం. అదే బల్ల మీద నాలుగు పేజీల తెలుగు కాగితం ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మిడ్ల లెక్క, పాస్ గీతలు, ఏ ఏడాదికి ఎన్ని క్రెడిట్లు, ఎంత హాజరు, డిటైన్ అయితే ఏం చేయాలి, అంతే. యూనివర్సిటీ చేసేదాకా ఆగక్కర్లేదు, ఏ కాలేజీ అయినా తన పిల్లల కోసం రేపే చేయొచ్చు. మీ పిల్లలు ఈ ఏడు చేరుతుంటే, సర్టిఫికెట్లు ఇచ్చే రోజున ఆఫీసులో ఆ కాగితం అడగండి. లేదంటే రెగ్యులేషన్ పుస్తకం ప్రింటు తీయించుకుని ఇంటికి తెచ్చుకుని, ఊర్లో బీటెక్ చదివిన పిల్లల చేత చదివించుకోండి.